కలిసి కూర్చుంటే చదువొస్తుందా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి కొంత చేర్చి రాసినది)

ఈ మాటలు మొదట రేడియోలో చెప్పాను. అక్కడ నాకిచ్చింది పది నిమిషాలు. ఎర్రదీపం వెలిగిందంటే గొంతులో గరగర వచ్చినా మింగుకోవాలి, కాగితం చప్పుడు కాకుండా తిప్పాలి. ఇక చెప్పదలచుకున్నదంతా ఎలా చెబుతాం? మిగిలిపోయింది కూడా కలిపి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. మీరూ వంటిల్లు సర్దుకుని తీరిగ్గానే చదవండి.

మా అక్కయ్య కూతురు న్యూయార్కులో వుంటోంది. పెళ్ళయి వెళ్ళిన నాలుగేళ్ళకు, పిల్లవాడు కాస్త నడక నేర్చాక, అక్కడ కాలేజీలో చేరానని ఫోను చేసింది. "ఏం కాలేజీయే?" అంటే "కమ్యూనిటీ కాలేజీ, పిన్నీ" అంది. నాకు గుండె గతుక్కుమంది. కమ్యూనిటీ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఎమ్మార్వో ఆఫీసులో ఇచ్చే కమ్యూనిటీ సర్టిఫికెట్టే కదా! "అదేమిటే, కులసంఘం వాళ్ళు పెట్టిన కాలేజీలో చేరావా?" అన్నాను. అది పడి పడి నవ్వి, "కాదు పిన్నీ, ఇక్కడ కమ్యూనిటీ అంటే చుట్టుపక్కల జనమంతా. ఊరి కాలేజీ అనుకో" అంది. తర్వాత ఇంకో మాట చెప్పింది. "మా బ్యాచిలో పాతికమందిమి మూడు సబ్జెక్టులు కలిసే చదువుతాం. అదే గది, అవే మొహాలు. దీన్ని లెర్నింగ్ కమ్యూనిటీ అంటారు."

"ఓసి, ఇంతేనా! మన బళ్ళో ఏ సెక్షను, బి సెక్షను అంటూ వుండేది అదే కదే. దానికి ఇంత పెద్ద పేరెందుకు?" అని కొట్టిపారేశాను. కానీ ఆ మాట మనసులో వుండిపోయింది. రేడియో వాళ్ళు ఏదైనా చదువుకు సంబంధించిన చరిత్ర చెప్పమంటే, దీని సంగతేమిటో చూద్దామని లైబ్రరీ చుట్టూ తిరిగాను. తిరిగాక తెలిసింది, నేను తేలిగ్గా తీసేసిన మాట వెనక వందేళ్ళ కథ వుందని. మనకు పుట్టుకతో దొరికిన సెక్షనును వాళ్ళు కష్టపడి కనిపెట్టుకోవలసి వచ్చింది.

ఎందుకంటారా? అమెరికా కాలేజీల్లో చాలా చోట్ల ఎవరి సబ్జెక్టులు వాళ్ళే ఏరుకుంటారు. ఈ పద్ధతిని బలంగా పాదుకొల్పినవాడు హార్వర్డు విశ్వవిద్యాలయానికి 1869 నుంచి 1909 దాకా, నలభై ఏళ్ళు అధ్యక్షుడుగా వున్న ఛార్లెస్ ఎలియట్. అంతకు ముందు అందరికీ ఒకటే మూస చదువు. ఆయన వచ్చి, పిల్లవాడికి ఏది ఇష్టమో అదే చదువుకోనివ్వండి అన్నాడు. మంచి మాటే. కానీ దాని వల్ల ఏమయిందంటే, పొద్దున్న లెక్కల క్లాసులో పక్కన కూర్చున్నవాడు మధ్యాహ్నం చరిత్ర క్లాసులో కనబడడు. ఆ చరిత్ర మేష్టారికి లెక్కల మేష్టారు ఎవరో తెలియదు. సంతలో ఒక్కో అంగట్లో ఒక్కో సరుకు కొన్నట్టు చదువు సంచీలో పడుతుంది. సంచీ మోసేవాడు మాత్రం ఒంటరివాడే.

హాస్టల్లో వుండి చదివే పిల్లలకు ఇది అంత బాధించదు. క్లాసులో దొరకని స్నేహం భోజనశాలలో దొరుకుతుంది. కమ్యూనిటీ కాలేజీ పిల్లలకు ఆ వీలు లేదు. ముందు ఆ కాలేజీల పుట్టుక రెండు ముక్కల్లో చెబుతాను.

ఇల్లినాయ్ రాష్ట్రంలో జోలియెట్ అనే ఊరుంది. 1901లో అక్కడి హైస్కూలు ప్రిన్సిపాలు స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం హార్పర్ కలిసి, హైస్కూలు పైన ఇంకో రెండేళ్ళ చదువు జత చేశారు. దూరాలు పోలేని పిల్లలు ఇంటి దగ్గరే వుండి కాలేజీ చదువు సగం పూర్తి చేసుకుంటారని ఉద్దేశం. మొదటి ఏడు చేరింది ఆరుగురు. అప్పట్లో వాటిని జూనియర్ కాలేజీలు అనేవారు. రెండో ప్రపంచయుద్ధం చివర, 1944లో, తిరిగి వచ్చే సైనికుల చదువుకు ప్రభుత్వం డబ్బు ఇస్తుందని చట్టం చేశారు. లక్షల మంది కాలేజీల మీద పడ్డారు. 1947లో ట్రూమన్ నియమించిన కమిషన్, ఇలాంటి కాలేజీ ప్రతి ప్రాంతంలోనూ వుండాలనీ, దానిని కమ్యూనిటీ కాలేజీ అనాలనీ చెప్పింది. 1960, 70ల మధ్య నాలుగు వందలకు పైగా కొత్తవి లేచాయి.

తలుపులైతే తెరిచారు. లోపలికి వచ్చినవాళ్ళు ఎవరు? పగలు దుకాణంలో పనిచేసేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, భాష రాని దేశాంతరులు, ఇంట్లో మొట్టమొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు. క్లాసు అయిపోగానే బస్సుకు పరుగెత్తాలి. పక్కన కూర్చున్న మనిషి పేరు అడిగే తీరిక వుండదు. రెండు నెలలు పోయాక ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ అమ్మాయి ఎందుకు రావడం లేదని ఎవరూ అడగరు. ఆమె ఎవరో తెలిస్తే కదా అడగడానికి!

ఈ ఒంటరితనానికి మందు ఏమిటని మొదట ఆలోచించినాయన మాత్రం బీదవాళ్ళ కాలేజీవాడు కాదు. ఆయన పేరు అలెగ్జాండర్ మికిల్‌జాన్. 1872లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో బట్టల మిల్లు కార్మికుడి ఇంట పుట్టాడు. రోచ్‌డేల్ పేరు మీరు విన్నారో లేదో. 1844లో నేతపనివాళ్ళూ తదితరులూ పైసా పైసా పోగేసి సహకార దుకాణం పెట్టిన ఊరు అది. మన సహకార సంఘాలన్నిటికీ ముత్తవ్వ అనుకోండి. మికిల్‌జాన్‌కు ఎనిమిదేళ్ళప్పుడు కుటుంబం అమెరికా చేరింది. చదివి, తత్వశాస్త్రం చెప్పి, 1912లో ఆమ్‌హర్స్ట్ కాలేజీకి అధ్యక్షుడయ్యాడు. మొండి మనిషి. 1923లో అక్కడి పెద్దలు ఆయనను సాగనంపారు. తర్వాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు గ్లెన్ ఫ్రాంక్ పిలిచి, నీ ఇష్టం వచ్చినట్టు ఒక కాలేజీ నడుపు అన్నాడు.

అలా 1927లో మాడిసన్ పట్టణంలో, చెరువు ఒడ్డున ఆడమ్స్ హాలు అనే హాస్టలులో "ఎక్స్‌పెరిమెంటల్ కాలేజి" మొదలయింది. మొదటి ఏడు 119 మంది. పిల్లలు వుండేదీ అక్కడే, మేష్టర్ల గదులూ అక్కడే. విడివిడి సబ్జెక్టులు లేవు, రోజువారీ మార్కులు లేవు. మొదటి సంవత్సరమంతా అందరూ కలిసి చదివేది ఒకటే – రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఏథెన్స్ నగరం. దాని రాజకీయం, నాటకాలు, తత్వం, శిల్పం, యుద్ధాలు, అంతా. రెండో సంవత్సరం తమ కాలపు అమెరికా. మధ్యలో వచ్చే వేసవి సెలవుల్లో ఒక్కొక్కరు తమ సొంత ఊరికి వెళ్ళి, ఆ ఊరు ఎలా బతుకుతోందో, ఎవరి చేతిలో ఏముందో స్వయంగా తెలుసుకుని రాసుకు రావాలి. ఈ చివరి సంగతి నాకు ఎంతో నచ్చింది. ఏథెన్స్ చదివిన కళ్ళతో మన రాజోలును చూసి రమ్మంటే ఎలా వుంటుందో ఆలోచించండి.

ఆయన ఉద్దేశం ఏమిటంటే, నలుగురు మనుషులు ఒకే విషయం గురించి ఒకే సమయంలో బుర్ర బద్దలు కొట్టుకుంటూ వుంటే, అన్నం దగ్గరా మెట్ల మీదా కూడా అదే మాట నడుస్తుంది. చదువు క్లాసు గంటకు కట్టుబడి వుండదు అని. నిజంగానే అలా జరిగిందంటారు. కానీ బయట ఊళ్ళోవాళ్ళకు ఈ పిల్లలు వింతగా కనిపించారు. న్యూయార్కు నుంచి యూదుల పిల్లలు ఎక్కువగా వచ్చారని కొందరు గొణిగారు. 1929లో ఆర్థికమాంద్యం వచ్చిపడింది, చేరేవాళ్ళు తగ్గారు. 1932లో మూసేశారు. మొత్తం అయిదేళ్ళు.

ఇక్కడ నాకొక మాట అనాలనిపిస్తోంది. ఆ 119 మందీ మగపిల్లలే. వాళ్ళ అన్నం ఎవరో వండుతున్నారు, గుడ్డలు ఎవరో ఉతుకుతున్నారు. అన్నీ అమరి వున్నచోట సమష్టి చదువు సాగింది సరే, ఏమీ అమరనివాళ్ళ మాటేమిటి? ఆ ప్రశ్నకు ఆయన కాలేజీలో జవాబు లేదు.

జవాబు వెతికినవాళ్ళు ఇంచుమించు ఆ రోజుల్లోనే మన దగ్గర వున్నారు. మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళివచ్చి, బెనారసు మెట్రిక్‌కు కట్టి పాసయ్యారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె వెనక్కి తిరిగిపోలేదు. చదవాలనుకుని వసతి లేక ఆగిపోయిన ఆడపిల్లలు వుంటే రండని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చినవాళ్ళను కూడగట్టుకుని వసతి ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత మద్రాసులో ఆడపిల్లలను కూర్చోబెట్టి అదే బెనారసు మెట్రిక్‌కు పాఠాలు చెప్పించారు. 1937 ప్రాంతాల మొదలైన ఆంధ్ర మహిళా సభకు అవి పునాదిరాళ్ళు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆమే. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలు కొద్ది కాలంలోనే పరీక్షకు కట్టగలిగేటట్టు కుదించిన కోర్సులను 1958లో ఆ బోర్డు ప్రవేశపెట్టింది. ఆ కోర్సుల్లో చదివి టీచర్లు, నర్సులు అయినవాళ్ళు మీ ఇళ్ళలోనే ఏ అమ్మమ్మగారో వుండి వుంటారు, అడిగి చూడండి. విస్కాన్సిన్ సంగతి వీళ్ళకు తెలియదు, వీళ్ళ సంగతి వాళ్ళకు తెలియదు.

తిరిగి అమెరికాకు వద్దాం. మికిల్‌జాన్ శిష్యుడు జోసెఫ్ టస్‌మన్ 1965 నుంచి 1969 వరకు బర్క్‌లీలో గురువుగారి పద్ధతినే నడిపాడు. అదీ ఆగింది. 1971లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపియా దగ్గర ఎవర్‌గ్రీన్ అనే కాలేజీ మొత్తాన్నీ ఈ పద్ధతి మీదే నిలబెట్టారు. ముగ్గురు నలుగురు మేష్టర్లు కలిసి ఒకే విషయం నెలల తరబడి చెప్పడం అక్కడి విధానం.

సరిగ్గా అదే 1971లో దేశం ఆ చివర, న్యూయార్కులో క్వీన్స్ అనే పేటలో ఇంకో కాలేజీ తెరిచారు. ఆ నగరానికి మేయరుగా చేసిన లగార్డియా పేరు పెట్టారు. పాత ఫ్యాక్టరీ కట్టడం అది. తర్వాత కాలేజీ పెరిగి, పక్కనే వున్న బిస్కెట్ల ఫ్యాక్టరీ కట్టడం కూడా కలుపుకుంది. చెరువు ఒడ్డులేదు, హాస్టలు లేదు. తలమీద నుంచి రైలు పోతూ వుంటుంది. అంతకు ముందు సంవత్సరమే, 1970లో, న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం తన కాలేజీలలో ఎక్కడో ఒకచోట, ఆ నగరంలో హైస్కూలు పాసయిన ప్రతి పిల్లవాడికీ సీటిస్తామని ప్రకటించింది. ఫీజు లేదు. ఆ ఫీజు లేకపోవడం 1976 దాకానే సాగింది. నగరం దివాలా అంచుకు వచ్చి ఫీజులు పెట్టారు.

లగార్డియా మేష్టర్లకు ఎదురైన చిక్కు ఇది. పిల్లవాడికి ఇంగ్లీషు వ్యాసం రాయడం రాదు. వట్టి వ్యాకరణం చెబుతూ వ్యాసం రాయమంటే దేని గురించి రాస్తాడు? 'ఆవు' గురించి రాయాలి, లేకపోతే 'నా సెలవులు' గురించి రాయాలి. మనమూ రాశాం కదా! రాయడానికి సరుకు వుండాలి. అంచేత 1970ల మధ్యలో వాళ్ళు ఒక పని చేశారు. వ్యాసరచన, పరిశోధించి రాయడం, వాటితో పాటు సమాజశాస్త్రమో తత్వశాస్త్రమో – ఈ క్లాసులను ఒక గుత్తిగా కట్టారు. గుత్తిలో చేరినవాళ్ళు అన్ని క్లాసులకూ కలిసే వస్తారు. సమాజశాస్త్రంలో వలసల గురించి విన్న పిల్లవాడు ఇంగ్లీషు క్లాసులో దాని గురించే రాస్తాడు. మేష్టర్లు ముందుగా కూర్చుని పాఠాలు ఒకదానికొకటి అతికేటట్టు చూసుకుంటారు. దీనిని వాళ్ళు క్లస్టర్ అన్నారు. ద్రాక్షగుత్తి లాంటిదన్నమాట.

ఏథెన్స్ చదివే దొరబిడ్డల పద్ధతి అలా దిగివచ్చి, రాత్రి హోటల్లో గిన్నెలు తోమి పొద్దున్నే కాలేజీకి వచ్చే పిల్లల చేతికి అందింది. హాస్టలు ఇవ్వలేకపోయారు. హాస్టల్లో దొరికే ఆ పరిచయాన్ని మాత్రం క్లాసు లోపలికే తెచ్చారు. ఇదీ ఈ కథలో నాకు కీలకమనిపించిన మలుపు.

కాలిఫోర్నియాలో హేవర్డ్ అనే చోట షాబో కాలేజీలో 1981లో జరిగింది ఇంకా బాగుంటుంది. ఫీలిక్స్ గలావిజ్ అని అక్కడ కౌన్సిలరు, పాట్రీషియా మెగ్రాత్ అని ఇంగ్లీషు టీచరు. మెక్సికో వైపు మూలాలున్న పిల్లలు ఇంతమంది చేరి ఇంత కొద్దిమందే పైకి వెళ్ళడమేమిటని ఇద్దరూ కలిసి కట్టలు కట్టలుగా వున్న మార్కుల రికార్డులు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. చూస్తే మూడు సంగతులు తేలాయి. ఆ పిల్లలు సలహా అడగడానికి కౌన్సిలరు గదికే రారు. కాలేజీ స్థాయి ఇంగ్లీషు రచన క్లాసులో చేరరు, భయం. ఇంట్లో అంతకు ముందు కాలేజీకి వెళ్ళినవాళ్ళు లేరు, కనుక చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు వాళ్ళేం చేశారో చూడండి. రానివాళ్ళను రమ్మని బోర్డు పెట్టలేదు. కౌన్సిలరే వచ్చి ఇంగ్లీషు క్లాసులో కూర్చున్నాడు. పిల్లలు తమ ఇళ్ళ గురించీ తమ వాళ్ళు రాసిన పుస్తకాల గురించీ రాయడం మొదలుపెట్టారు. అదే జాతి నుంచి చదువుకుని ఉద్యోగాల్లో వున్న పెద్దమనుషులను వెతికి, ఒక్కొక్క పిల్లకూ ఒక్కొక్కరిని తోడు ఇచ్చారు. దీనికి పుయెంతె అని పేరు పెట్టారు. స్పానిష్ భాషలో వంతెన అని అర్థం. తర్వాత ఆ పద్ధతి కాలిఫోర్నియాలో చాలా కాలేజీలకు పాకింది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరన్న ఆ మూడో సంగతి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. అదెందుకో కాస్త ఆగి చెబుతాను.

1980లలో సియాటిల్ సెంట్రల్ అనే కమ్యూనిటీ కాలేజీ ఎవర్‌గ్రీన్ వాళ్ళ సాయంతో ఈ దారి పట్టింది. 1985లో ఎవర్‌గ్రీన్‌లోనే ఒక కేంద్రం పెట్టి, ఇతర కాలేజీల మేష్టర్లకు ఇది నేర్పసాగారు. విన్సెంట్ టింటో అనే సమాజశాస్త్రవేత్త 1987లో పుస్తకం రాశాడు. పిల్లలు చదువు మానడానికి తెలివి చాలకపోవడం, డబ్బు చాలకపోవడం మాత్రమే కారణాలు కావు, ఆ చోటు తనది అనిపించకపోవడం కూడా కారణమే అన్నాడు. ఆయన తర్వాత సియాటిల్ వెళ్ళి చూశాడు. కలిసి చదివే తరగతుల పిల్లలు ఎక్కువ మంది నిలిచారని 1997లో రాశాడు. బస్సుకు పరుగెత్తే పిల్లలకు స్నేహం చేసుకునే స్థలం క్లాసుగది ఒక్కటే అన్నది ఆయన గ్రహింపు.

అయితే సోదరీ, ఇక్కడొక చిక్కుంది. అలాంటి క్లాసుల్లో చేరేవాళ్ళు మొదటి నుంచీ హుషారైనవాళ్ళేమో! వాళ్ళు ఎక్కడున్నా నిలిచేవాళ్ళేమో! మందు పనిచేసిందో, ఒంట్లో సత్తువే పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

ఇది తేల్చడానికి బ్రూక్లిన్‌లో సముద్రం ఒడ్డున వున్న కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో 2003 నుంచి 2005 వరకు ఒక పరీక్ష పెట్టారు. ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థ జరిపింది. కొత్తగా చేరిన 1,534 మందిని లాటరీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగం వాళ్ళను పాతికమంది లోపు జట్లుగా చేసి మూడు క్లాసులు కలిసి చదివించారు. ఒకటి ఇంగ్లీషు, ఇంకొకటి ఆరోగ్యమో మనస్తత్వశాస్త్రమో, మూడోది కాలేజీ పద్ధతులు చెప్పే చిన్న క్లాసు. పుస్తకాలు కొనుక్కోవడానికి చీటీలూ ఇచ్చారు. రెండో భాగం వాళ్ళు మామూలుగా ఎవరి దారిన వాళ్ళు చదివారు.

ఏమయింది? కలిసి చదివినవాళ్ళు ఆ మొదటి ఆరునెలల్లో ఎక్కువ సబ్జెక్టులు పాసయ్యారు. ఇంగ్లీషులో వెనకబడినవాళ్ళు ఆ గండం త్వరగా గట్టెక్కారు. కాలేజీ నాది అనే భావం వాళ్ళలో ఎక్కువ కనబడింది. కానీ ఆ వెంటనే వచ్చిన టర్మ్‌లలో నిలిచినవాళ్ళ సంఖ్యలో పెద్ద తేడా లేదు. సరే, ఇంకాస్త విస్తారంగా చూద్దామని ఆరు కాలేజీల్లో మళ్ళీ పరీక్షించారు. 2012 నాటికి లెక్కలు తేలాయి. లాభం ఎంతంటే, ఆ సబ్జెక్టులో సుమారు అర క్రెడిట్. రెండేళ్ళ పట్టాకు సుమారు 60 క్రెడిట్లు కావాలి. అందులో అర! నిలిచి చదవడంలో లాభమే కనబడలేదు.

నాకు మనసు చివుక్కుమంది. ఇంత కథ చదివి వచ్చాక అరక్రెడిట్టా అనిపించింది. ఆ పరిశోధకుల నిజాయితీకి మాత్రం దండం పెట్టాలి. పేరు గొప్పగా వున్న పథకానికి లెక్క కట్టి, ఇంతే వచ్చిందని అచ్చువేసి చెప్పడానికి ధైర్యం కావాలి. మన దగ్గర ఎన్ని పథకాలకు ఇలా లెక్క చూశారు?

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. అదే న్యూయార్కు నగర విశ్వవిద్యాలయం 2007లో ఎసాప్ అని ఇంకో పథకం మొదలుపెట్టింది. మొదటి ఏడు జట్టుగా కొన్ని క్లాసులు చదవడం ఇందులోనూ వుంది. దాంతో పాటు ఫీజులో తక్కువపడిన సొమ్ము వాళ్ళే కడతారు. పుస్తకాలు ఇస్తారు. నెలనెలా బస్సుకూ రైలుకూ పాసు ఇస్తారు. సలహాదారును తప్పకుండా కలుస్తూ వుండాలి. పరీక్షించిన రోజుల్లో ఆ సలహాదారు చేతికింద 60 నుంచి 80 మందే వుండేవారు. మామూలు విద్యార్థుల సలహాదారుకు 600 నుంచి 1,500 మంది! అంతమందిలో నీ పేరు ఎవరికి గుర్తుంటుంది? దీనినీ లాటరీ పద్ధతిలోనే పరీక్షించారు. మామూలుగా చదివినవాళ్ళలో మూడేళ్ళకు పట్టా పుచ్చుకున్నవాళ్ళు నూటికి 22 మంది. ఈ పథకంలో 40 మంది. ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీలు దీన్ని అనుకరించి మంచి ఫలితాలే చూశాయి.

అయితే ఇందులోనూ ఒక మెలిక వుంది. ఎసాప్‌లో చేరాలంటే పూర్తికాలం చదవాలి. ఇంటిపనీ దుకాణం పనీ చూసుకుంటూ టర్మ్‌కు ఒక్క సబ్జెక్టు చదువుకునే తల్లికి ఆ మెట్టు ఎత్తే. మా అక్కయ్య కూతురు కూడా చదివేది సగంకాలమే. దానికి రైలు పాసు ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు నా సంగతి. నాకు పదోతరగతి లెక్కల్లో పోయింది. ఆ వేసవిలోనే పెళ్ళి చేశారు. మా ఇంట్లో నాకంటే ముందు ఏ ఆడదీ హైస్కూలు దాటలేదు. మళ్ళీ కట్టవచ్చని చెప్పేవాళ్ళే లేకపోయారు. ముప్పయ్యో ఏట, మా కాలనీలో ఎదురింటి వదినగారు ఓపెన్ స్కూలు ఫారం తెచ్చి, "నేనూ కడుతున్నాను, నువ్వూ కట్టు" అన్నారు. అలా ఆరుగురం పోగయ్యాం. జోలియెట్‌లో మొదటి ఏడు ఆరుగురే అని చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆదివారం క్లాసులు జరగాల్సిన చోట, పేరెందుకులెండి, మేము వెళ్ళిన సగం ఆదివారాలు తాళమే దర్శనమిచ్చింది. దాంతో మధ్యాహ్నం రెండు గంటలకు మా వరండాలోనే కూర్చునేవాళ్ళం. ఒకరికి లెక్కలు, ఇంకొకరికి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. బియ్యం ఏరుతూ వర్గసమీకరణాలు చెప్పుకున్నాం. ఒకరోజు రాకపోతే వదినగారు మనిషిని పంపేవారు. ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే సిగ్గుకైనా వెళ్ళక తప్పేది కాదు.

అయిదుగురం పరీక్ష రాశాం, అయిదుగురమూ పాసయ్యాం. ఆరో ఆమె రాయలేదు. పరీక్షలకు రెండు నెలల ముందు ఆమె మామగారికి పక్షవాతం వచ్చింది. మనిషిని పంపాం, పుస్తకాలు ఇంటికే పట్టుకెళ్ళాం, పక్కన కూర్చుని చెబుతామన్నాం. ఆమె అంది కదా, "మీరంతా వచ్చి చెబుతారు సరే అక్కా, అర్ధరాత్రి ఆయనను పక్కకు తిప్పేదెవరు?" అని. దానికి మా ఆరుగురి స్నేహంలో మందు లేదు. ఒక పూటకు ఆయాను పెట్టుకునే డబ్బు వుంటే ఆమె రాసేది. ఆ అరక్రెడిట్ ఎక్కడ తగ్గిందో నాకు అప్పుడు అర్థమయింది. జట్టు మనిషిని బల్లదాకా తీసుకురాగలదు. బల్ల దగ్గర కూర్చోవడానికి రెండు గంటలు ఎవరో ఇవ్వాలి. న్యూయార్కు వాళ్ళు రైలు పాసు రూపంలో, పుస్తకాల రూపంలో ఆ గంటలే కొనిచ్చారు.

మా అక్కయ్య కూతురికి ఇదంతా ఫోనులో చెప్పాను. అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మా జట్టులో కూడా ఒకామె రావడం మానేసింది పిన్నీ. హైతీ దేశమట. ముగ్గురు పిల్లలు. ఫోను చేస్తే తీయడం లేదు." మరి మీరేం చేశారని అడిగాను. ఆదివారం ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళివస్తాం అంది. నోట్సు ఒక్కటే పట్టుకెళ్ళకే, వీలైతే రెండు గంటలు పిల్లలను కూడా చూసి రండి అన్నాను.

మా ఆరో ఆమె మామగారు పోయి చాలాకాలమయింది. మొన్న కూరగాయల బండి దగ్గర కనబడి, "అక్కా, ఆ లెక్కల నోట్సు వుందా ఇంకా?" అని అడిగింది. అటక మీద వుంది. ఇద్దరు పిల్లలకు ట్యూషన్లో వాడినందువల్ల అట్ట వూడిపోయింది గానీ, సమీకరణాలు అలాగే వున్నాయి. ఇచ్చాను. ఫారం గడువు వచ్చే నెల పదో తారీకు. ఈసారి ఆమెతో పాటు మా వీధి చివర ఇంటి కోడలు కూడా కడతానంటోంది. ఆ అమ్మాయికి ఏడునెలల పిల్ల. మేము అయిదుగురం వంతులు వేసుకున్నాం – ఇద్దరం పాఠానికి, ముగ్గురం పిల్లకు.